మూడేళ్ళ తలపోటు: కంట్లో చుక్కలు వేశాకే తెలిసిన సంగతి

నా తలపోటు 2022 ఆగస్టులో మొదలైంది. దాని పేరు తేలింది 2025 జులై 16న, విశాఖలో, నడుములో సూది వేసి ఒత్తిడి కొలిచిన రోజున. మాది చీపురుపల్లి పక్క ఊరు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను, వయసు 33. జబ్బు పేరు ఇడియోపతిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్. పలకడం కష్టం కాబట్టి డాక్టర్లు ఐఐహెచ్ అనే అంటారు. మెదడు చుట్టూ ఉండే నీటి ఒత్తిడి ఉండాల్సిన దానికంటే పెరిగిపోతుంది, ఎందుకు పెరిగిందో తేలదు. పేరులో హైపర్‌టెన్షన్ ఉన్నా ఇది బీపీ కాదు. మా చుట్టాల్లో ఒకావిడ "బీపీ బిళ్ళ ఒకటి వేసుకోరాదా" అన్నారు, అందుకని ముందే చెబుతున్నాను.

నాకు తలపోటు ఎలా వచ్చేదో రాస్తాను, ఎందుకంటే అది వచ్చే తీరులోనే ఆధారాలన్నీ ఉన్నాయి. తెల్లవారి లేచేసరికే ఉండేది. పడుకుని ఉన్నంతసేపూ ఎక్కువ, లేచి గంటా రెండు గంటలు తిరిగాక కొంచెం తగ్గేది. కళ్ళ వెనక నుంచి తోస్తున్నట్టు, మెడ నరాలు బిగదీసినట్టు ఉండేది. దగ్గినా, తుమ్మినా, వంగి ముగ్గేసినా తల పగిలిపోయేది. ఇవన్నీ నేను మొదటి నెలలోనే గమనించాను, కానీ ఏ డాక్టరు దగ్గరా ఈ వరసలో చెప్పలేదు. "తలనొప్పండి, రోజూ వస్తోంది" అని ఊరుకున్నాను. వాళ్ళూ అంతకుమించి అడగలేదు.

అక్టోబరులో కళ్ళజోళ్ళ షాపులో పరీక్ష చేయించుకుంటే పావు పాయింటు సైటు ఉందని అద్దాలిచ్చారు, 1,800 రూపాయలు. తగ్గలేదు. 2023 మొదట్లో ముక్కు పక్కన నొక్కితే నొప్పి ఉందని సైనస్ అన్నారు. ఎక్స్‌రే, యాంటీబయాటిక్ రెండు కోర్సులు, ముక్కులో స్ప్రే, రోజూ రెండు పూటలా ఆవిరి. మూడు నెలలకి 4,600 అయింది. స్ప్రే వాడినన్నాళ్ళూ ముక్కు బాగానే ఉంది, తల మాత్రం మారలేదు.

2023 నవంబరులో విజయనగరంలో ఒక ఫిజీషియన్ మైగ్రేన్ అన్నారు. వెలుతురు పడకపోవడం, వాంతి వచ్చేట్టు ఉండడం నాకు నిజంగానే ఉన్నాయి కాబట్టి ఆ మాటలో తప్పేమీ అనిపించలేదు. రాత్రి పూట ఫ్లునారిజిన్ రాశారు. వారం రోజులు నిద్ర బాగా పట్టింది. ఆ తరవాత ఆకలి మొదలైంది. రాత్రి పదకొండింటికి లేచి పెరుగన్నం కలుపుకుని తినేదాన్ని. 66 కేజీలుండేదాన్ని, పద్నాలుగు నెలల్లో 78కి వెళ్ళాను. ఆ మందుకి ఆకలీ బరువూ పెరుగుతాయని, తలలో ఒత్తిడి ఉన్నవాళ్ళకి బరువు పెరిగితే జబ్బు ముదురుతుందని నాకు ఆ తరవాత ఎప్పుడో తెలిసింది. నాకు జబ్బు ఆ మందు వల్ల వచ్చిందని అనను, అది అంతకు ముందే ఉంది. కానీ ఆ పద్నాలుగు నెలల్లో ఒక్కసారి బరువు తూచి చూసి ఉంటే బాగుండేది. ప్రతి నెలా వెళ్ళాను, ప్రతి నెలా అదే చీటీ మీద "కంటిన్యూ" అని రాసిచ్చారు. మందులు, ఫీజులు కలిపి పదకొండు వేలు.

ఇంకో తప్పు నాదే. స్కూల్లో నాలుగో పీరియడ్ దాటాలంటే తలనొప్పి బిళ్ళ వేసుకోక తప్పేది కాదు. మెడికల్ షాపులో చీటీ అడగరు. 2024 వేసవిలో ఒకసారి బీరువా సొరుగు సర్దుతుంటే ఖాళీ స్ట్రిప్పులు బయటపడ్డాయి. లెక్క వేస్తే నెలకి 22 రోజులు వేసుకుంటున్నాను. మామూలు పారాసెటమాల్ లాంటివి నెలకి 15 రోజులు, కెఫీన్ కలిపిన జంట మందులైతే 10 రోజులు దాటి మూడు నెలలకి మించి వాడితే ఆ బిళ్ళలే రోజూ తలనొప్పి తెస్తాయట. నావి కెఫీన్ కలిపినవే. అంటే అసలు జబ్బు నొప్పి ఒకటి, బిళ్ళల నొప్పి ఒకటి, రెండూ ఒకదాని మీద ఒకటి. తరవాత న్యూరాలజిస్టుకి కూడా ఏది ఎంతో విడదీయడం కష్టమైంది.

2024 జూన్‌లో తలకి సీటీ స్కాన్ తీయించారు, 2,200. రిపోర్టు నార్మల్. "తలలో ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అన్నారు. ఆ కాగితం పట్టుకుని బస్సులో వస్తుంటే ఊరట కలగలేదు, భయం వేసింది. ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎక్కడిది? ఇంట్లో కూడా ఆ రోజు నుంచి చూపు మారింది. "నార్మల్ వచ్చింది కదా" అనే మాట ఎన్నిసార్లు విన్నానో. అత్తయ్య మాత్రం నమ్మారు. "గుంట తెల్లారి లేచేసరికే మొహం పీక్కుపోయి ఉంటంది, ఏటో ఉంది" అని దిష్టి తీసేవారు, దిష్టి తీశాక మా ఆయనతో "పెద్దాస్పత్రికి తీసుకెల్లు" అనేవారు. ఐఐహెచ్ ఉన్నా మామూలు సీటీ నార్మల్‌గా రావచ్చు. సీటీ చూసేది రక్తస్రావం, పెద్ద గడ్డ, నీరు బాగా నిండి ఉబ్బిన మెదడు లోపలి గదులు. నీరు అదే పరిమాణంలో ఉండి ఒత్తిడి మాత్రం పెరిగితే అందులో తెలియకపోవచ్చు.

2024 డిసెంబరులో కుడి చెవిలో చప్పుడు మొదలైంది. గర్భిణికి కడుపు మీద మిషను పెట్టినప్పుడు బిడ్డ గుండె వినపడుతుంది చూడండి, "హుష్, హుష్" అని, అచ్చం అలాగే. రాత్రి ఫ్యాన్ ఆపేస్తే నిద్ర పట్టేది కాదు. నాడి పట్టుకుని చూస్తే దానితో సమానంగా కొట్టుకునేది. చెవి డాక్టరు వినికిడి పరీక్ష చేయించి, 900 తీసుకుని, చెవులు బాగున్నాయన్నారు. నిజమే, చెవులు బాగానే ఉన్నాయి. నేను "చెవిలో హోరు" అని చెప్పాను, ఆయన మామూలు హోరు అనుకున్నారు. "నాడితో పాటు కొట్టుకుంటోంది" అని చెప్పలేదు. ఆ ఒక్క ముక్క చెబితే దారి వేరేగా ఉండేదని తరవాత న్యూరాలజిస్టు అన్నారు.

2025 మార్చిలో, బోర్డు దగ్గర కింద పడిన చాక్‌పీసు తీసుకుని లేచేసరికి రెండు కళ్ళూ చీకటైపోయాయి. కరెంటు పోయి వచ్చినట్టు మూడు నాలుగు సెకన్లు. నీరసం అనుకున్నాను. ఏప్రిల్‌లో రోజుకి ఒకసారి, జూన్‌కి రోజుకి ఐదారుసార్లు. బడి తెరిచాక ఇంకో కొత్త సంగతి, దూరాన వచ్చే ఆర్టీసీ బస్సు రెండుగా కనపడేది, దగ్గరికొచ్చాక ఒకటయ్యేది. అప్పుడు భయపడ్డాను. తల కోసం తిరిగి తిరిగి ఆశ పోయింది కాబట్టి, కళ్ళ కోసమే వెళ్దామని విజయనగరంలో ఒక కంటి ఆస్పత్రికి వెళ్ళాం.

2025 జులై 7, సోమవారం. ఉదయం తొమ్మిదిన్నరకి చీటీ, పదకొండుకి పరీక్ష. అక్షరాల బోర్డు చివరి వరస దాకా చదివేశాను. రెండు కళ్ళూ 6/6. పరీక్ష చేసే అమ్మాయి చీటీ మీద రాసేసి పంపించేయబోయింది. అప్పుడు వంగినప్పుడు చీకటవుతోందని చెప్పాను. ఆ అమ్మాయి పెన్ను మూత తీసి మళ్ళీ కూర్చుని "ఎన్ని సెకన్లు? ఒక కంటికా, రెండింటికా?" అని అడిగి, చుక్కల మందు వేసింది. పది నిమిషాలకోసారి మూడు విడతలు, మొత్తం నలభై నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోవాలి. చుక్కలు మండుతాయి, ఆ తరవాత దగ్గరివి ఏవీ కనపడవు.

ఈ జబ్బులో మొదట్లో అక్షరాలు చదివే చూపు సాధారణంగా తగ్గదు. నడి చూపు బాగానే ఉంటుంది, అంచులు ముందు పోతాయి. అందుకే కళ్ళజోళ్ళ షాపులో ఎన్నిసార్లు అక్షరాలు చదివించినా ఇది దొరకదు. కంటిపాప పెద్దదయ్యేలా చుక్కలు వేసి, లోపల కంటి నరం మొదలు భాగం చూడాలి. మూడేళ్ళలో నన్ను చూసిన అయిదుగురిలో ఎవరూ అది చేయలేదు, నాకు అడగాలని తెలియదు.

డాక్టరమ్మ నుదుటికి లైటు కట్టుకుని, చేతిలో భూతద్దం లాంటి అద్దం పట్టుకుని చూశారు. కుడి కన్ను చూసి, ఎడమ కన్ను చూసి, మళ్ళీ కుడి కన్నుకి వచ్చారు. ఏమీ మాట్లాడలేదు. ఫోటో తీయించి కంప్యూటర్లో పక్కపక్కన రెండు బొమ్మలు పెట్టారు. ఒకటి ఆరోగ్యంగా ఉన్న కన్ను, నరం మొదలు గుండ్రంగా, అంచు గీసినట్టు ఉంది. రెండోది నాది. తడి కాగితం మీద సిరా చుక్క పడితే అంచులు పాకిపోతాయి కదా, అలా ఉంది, చుట్టూ రెండు మూడు చోట్ల ఎర్రటి గీతలు. "నరం వాచిందమ్మా, రెండు కళ్ళలోనూ. తలలో ఒత్తిడి పెరిగితే ఇలా అవుతుంది. ఎందుకు పెరిగిందో న్యూరాలజీ వాళ్ళు చూడాలి. ఇంటికెళ్ళి ఆలోచిస్తాం అనకండి, రెండు రోజుల్లో వెళ్ళండి" అన్నారు. అప్పటికప్పుడు బీపీ చూపించారు, 128/84. బీపీ మరీ పెరిగిపోయినా నరం ఇలాగే వాస్తుందట, ముందు అది కాదని తేలాలి. ఫీజు 200, ఫోటోకి 500.

బయటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. గంటస్తంభం దగ్గర ఆటోలో కూర్చుని కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకున్నాను. న్యూరాలజీ వాళ్ళకి డాక్టరమ్మ రాసిచ్చిన ఉత్తరం నాకు చదవడానికి రావడం లేదు. మా ఆయన ఒక్కో ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కుంటూ చదువుతున్నారు, నేను అర్థం చెబుతున్నాను. "అర్జెంట్" అనే మాట దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఏడుపు వచ్చింది. భయం వల్ల కొంత, ఎవరో ఒకరికి కనపడింది కదా అన్న తేలికదనం వల్ల కొంత. చుక్కలు వేయించుకోవడానికి వెళ్ళేవాళ్ళు వెంట ఒక మనిషినీ, నల్లద్దాలనీ తీసుకెళ్ళండి. అయిదారు గంటల దాకా బండి నడపలేరు.

మర్నాడే తొందరపడి ఒక పొరపాటు చేశాం. ఎలాగూ ఎమ్మారై రాస్తారు కదా, తీయించుకునే వెళ్దామని విజయనగరంలో 5,500 కట్టి తీయించాం. తెలిసినాయన చీటీ మీద "ఎమ్మారై బ్రెయిన్, ప్లెయిన్" అని రాశారు. గురువారం విశాఖలో న్యూరాలజిస్టు చూసి "వీనోగ్రామ్ ఏది?" అన్నారు. తల నుంచి చెడు రక్తాన్ని కిందికి తెచ్చే పెద్ద సిరలుంటాయి. వాటిలో రక్తం గడ్డ కట్టినా అచ్చం ఇవే లక్షణాలు, ఇదే కంటి వాపు. కానీ వైద్యం పూర్తిగా వేరు, దానికి రక్తం పల్చబడే మందులు వాడాలి, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళలో, బాలింతల్లో అది ఎక్కువట. సిరల బొమ్మ లేకుండా ఐఐహెచ్ అని ఎవరూ తేల్చలేరు. ఆ సాయంత్రమే మహారాణిపేటలో ఇంకో 3,500 పెట్టి వీనోగ్రామ్ తీయించాం. ఒకేసారి "బ్రెయిన్ విత్ వీనోగ్రామ్" అని రాయించి ఉంటే ఒక ప్రయాణమూ, కొంత డబ్బూ మిగిలేవి.

ఎమ్మారైకి వెళ్ళే ఆడవాళ్ళకి ఒక మాట. మంగళసూత్రం, గాజులు, ముక్కుపుడక, మెట్టెలు, జడ పిన్నులు, చీర పిన్నీసులు, హుక్కులున్న జాకెట్టు, అన్నీ తీయాలి. నా మెట్టెలు పదేళ్ళుగా తీయనివి, వేలు ఉబ్బి రాలేదు. అక్కడి ఆయా సబ్బు నురగ రాసి, దారం చుట్టి లాగింది, ఇరవై నిమిషాలు పట్టింది, మా వెనకాల వాళ్ళని ముందు పంపించారు. ఇంటి దగ్గరే తీసుకెళ్ళండి. లోపల అరగంట పైన పడుతుంది, సుత్తితో కొట్టినట్టు చప్పుడు. చెవుల్లో దూది పెడతారు. నాకు పడుకుంటే తలపోటు ఎక్కువ కాబట్టి చివరి పది నిమిషాలు పళ్ళు బిగపట్టాను.

రిపోర్టులో "ఎంప్టీ సెల్లా" అని ఉంది. ఎంప్టీ అంటే ఖాళీ అని తెలుసు కాబట్టి తలలో ఏదో లేదనుకుని హడలిపోయాను. పిట్యూటరీ గ్రంథి కూర్చునే చిన్న గుంతలోకి నీరు దిగి, గ్రంథి అడుగుకి నొక్కుకుపోయి గుంత ఖాళీగా కనపడుతుంది, అంతే. కంటి గుడ్డు వెనక వైపు చదునుగా అయింది, తల వెనక సిరలు రెండు పక్కలా సన్నబడ్డాయి, గడ్డ లేదు, ట్యూమర్ లేదు. ఇవన్నీ ఒత్తిడి గుర్తులేనన్నారు.

న్యూరాలజిస్టు ఫీజు 700. అరగంట చూశారు. గీత మీద నడిపించారు, వేలు వెంట కళ్ళు తిప్పించారు, కుడి కన్ను పూర్తిగా బయటికి పోవడం లేదని చూపించారు. బస్సు రెండుగా కనపడింది అందుకే. నేను మూడేళ్ళ చీటీలు తేదీల వరసలో పెట్టి తీసుకెళ్ళాను, అది బాగా పనికొచ్చింది. ఆయన ప్రతి చీటీ తిప్పి చూస్తూ ప్రత్యేకంగా కొన్ని మందుల కోసం వెతికారు. మొటిమలకి వాడే ఐసోట్రెటినోయిన్, విటమిన్ ఎ, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, వాడి ఆపేసిన స్టెరాయిడ్లు. ఇవీ తలలో ఒత్తిడి పెంచుతాయి. నా 2023 సైనస్ చీటీలో డాక్సీసైక్లిన్ పది రోజులు ఉంది, కానీ తలపోటు అంతకు ముందు నుంచే ఉంది కాబట్టి పక్కన పెట్టారు. రక్తహీనత ఉన్నా ఇది రావచ్చని రక్తం చూపిస్తే హిమోగ్లోబిన్ 9.1. ఐరన్ మొదలుపెట్టారు.

శుక్రవారం కళ్ళకి ఫీల్డ్ టెస్టు (అంచుల చూపు ఎంతుందో చూసేది), ఓసీటీ (కంటి నరం పొర మందం కొలిచే స్కాన్), రెండూ కలిపి 1,800. ఫీల్డ్ టెస్టులో గిన్నె లాంటి దాంట్లో గడ్డం ఆనించి, మధ్య చుక్కనే చూస్తూ, పక్కన ఎక్కడ వెలుగు మెరిస్తే అక్కడ బటన్ నొక్కాలి. ఒక్కో కంటికి ఆరేడు నిమిషాలు. వెలుగు కోసం కళ్ళు తిప్పి వెతికితే పరీక్ష పాడవుతుంది. నాకు మొదటిసారి ఎడమ కన్ను లెక్కకి రాలేదు, మళ్ళీ చేశారు. నిద్ర లేకుండా వెళ్ళకండి. ఓసీటీలో నరం పొర మందం కుడి కన్ను 212 మైక్రాన్లు వచ్చింది, మామూలుగా 100 దగ్గర ఉంటుంది.

ఇక నడుము సూది. మా వైపు దీని మీద ఉన్న భయం అంతా ఇంతా కాదు. "నడుముకి సూదేస్తే కాళ్ళు పడిపోతాయి" అని అమ్మ ఫోన్లోనే ఏడ్చింది. డాక్టరుగారు నా వెన్ను మీదే వేలితో చూపించారు. వెన్నుపాము నడుము పై భాగంలోనే ఆగిపోతుంది, సూది దానికి రెండు మూడు ఎముకల కింద వేస్తారు, అక్కడ నీటిలో తేలే నరాల పోగులు మాత్రమే ఉంటాయి. ఎమ్మారై ముందు తీసేదీ అందుకే, తలలో గడ్డ ఏదైనా ఉంటే సూది వేయడం ప్రమాదం. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డ కట్టే పరీక్ష చూశారు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు ముందే చెప్పాలి.

జులై 15న విశాఖలోనే ప్రభుత్వ ఆస్పత్రిలో చేరాను, 16 ఉదయం పదకొండింటికి చేశారు. ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళు కడుపుకి, గడ్డం ఛాతీకి ఆనించి రొయ్యలా ముడుచుకోవాలి. మత్తు సూది మంట నిజం, కందిరీగ కుట్టినట్టు. ఆ తరవాతది నొప్పి కాదు, లోపలికి నొక్కుతున్నట్టు ఉంటుంది. ఒకసారి ఎడమ కాలిలోకి కరెంటు జిల్లుమంది. అలా అయితే ఏ కాలో చెప్పమని ముందే చెప్పారు, చెప్పగానే సూది కొంచెం సర్దారు. కదలకూడదు. సూది లోపలికి వెళ్ళాక కాళ్ళు మెల్లగా చాపమని, మామూలుగా ఊపిరి తీసుకోమని అన్నారు. ముడుచుకుని ఉన్నా, ఊపిరి బిగబట్టినా, ఏడ్చినా ఒత్తిడి లేనిది ఉన్నట్టు ఎక్కువ చూపిస్తుందట. సూదికి సన్నటి గొట్టం నిలువుగా తగిలించారు, దాని మీద సెంటీమీటర్ల గీతలు. నా వెనక ఇద్దరు అంకెలు చెప్పుకుంటున్నారు. ఇరవై, ఇరవైఆరు, ముప్పై. చివరికి "ముప్పైనాలుగు, నిలిచింది" అన్నారు. పెద్దవాళ్ళకి 25 దాటితే ఎక్కువ.

నాలుగు సీసాల్లో నీరు పట్టారు, తేటగా మంచినీళ్ళలా ఉంది. కణాలు, ప్రోటీన్, చక్కెర, టీబీ, వేరువేరుగా చూస్తారు. అదే సమయానికి చేతి నుంచి రక్తంలో చక్కెర కూడా తీయాలి, రెండూ పోల్చకపోతే నీటిలో చక్కెర అంకెకి అర్థం లేదు. ఒక పరీక్ష బయటి ల్యాబుకి పంపారు, 2,200. అన్నీ మామూలుగా వచ్చాయి. టీబీ కాదు, మెదడు పొరల వాపు కాదు, ఒత్తిడి ఒక్కటే ఎక్కువ.

వార్డులోకి తెచ్చి పడుకోబెట్టిన గంటకి చెవిలో చప్పుడు లేదని తెలిసింది. ఏడు నెలలుగా ఒక్క రాత్రి కూడా ఆగని చప్పుడు. పక్క మంచం వాళ్ళ రేడియోలో వార్తలు, బయట గాలికి తలుపు కొట్టుకోవడం, అన్నీ విడివిడిగా వినపడ్డాయి. మా ఆయనకి చెబుదామని నోరు తెరిస్తే మాట రాలేదు.

మర్నాడు ఇంకో రకం తలనొప్పి వచ్చింది. ఇది తలకిందులు. లేచి కూర్చుంటే భరించలేం, పడుకుంటే పోతుంది. సూది పెట్టిన చోటు నుంచి నీరు కొద్దిగా కారుతూ ఉంటే వస్తుంది. నీళ్ళు, కాఫీ తాగుతూ పడుకోమన్నారు, నాలుగు రోజులకి తగ్గింది. తగ్గకపోతే మన రక్తమే తీసి అక్కడ వేసి మూసే పద్ధతి ఉంది. ఈ నొప్పి వస్తుందని ముందు తెలిస్తే జబ్బు తిరగబెట్టిందని కంగారు పడరు.

18న డిశ్చార్జి కాగితం మీద జబ్బు పాత పేరు కూడా రాశారు, "స్యూడోట్యూమర్ సెరిబ్రి". ఇంటికొచ్చాక మా తమ్ముడు అది చదివి "అక్కకి ట్యూమర్" అని వీధిలో వాళ్ళ దాకా చెప్పేశాడు. స్యూడో అంటే ఉత్తుత్తిది, ట్యూమర్ లేకుండా ట్యూమర్‌లా కనపడేది అని ఇంటింటికీ చెప్పుకోవాల్సొచ్చింది. మీకు ఆ పేరు రాసిస్తే అక్కడే అర్థం అడిగి, ఇంట్లో వాళ్ళకి డాక్టరు చేతే చెప్పించండి.

మందు డయామాక్స్, అంటే ఎసిటజోలమైడ్ 250 ఎంజీ. ఒకటి చొప్పున రెండు పూటలతో మొదలుపెట్టి, నాలుగో రోజు నుంచి రెండేసి, నెలకి రోజుకి ఆరు బిళ్ళలు. సల్ఫా మందులు పడతాయా, గర్భం ఉందా, కిడ్నీలో రాళ్ళున్నాయా అని అడిగే రాశారు. రెండో రోజుకే వేళ్ళ చివర్లు, పెదాలు చీమలు పాకినట్టు తిమ్మిరి. ఇది మందు పనిచేసే తీరే, పక్షవాతం కాదు. సోడా తాగితే గ్యాసు తెలియదు, చప్పగా లోహం రుచి. మొదటి వారం గంటకోసారి బాత్‌రూమ్‌కి, స్కూల్లో ఇది పెద్ద ఇబ్బంది, హెడ్‌మిస్ట్రెస్‌కి విషయం చెప్పి పీరియడ్ల మధ్య అయిదు నిమిషాలు తీసుకున్నాను. కాళ్ళు లాగడం, నిస్సత్తువ. రెండు వారాలకి రక్తంలో పొటాషియం, బైకార్బొనేట్, క్రియాటినిన్ చూశారు. నీళ్ళు బాగా తాగాలి, లేకపోతే రాళ్ళు. మందు ఖర్చు నెలకి ఆరేడు వందలు.

డయామాక్స్ మొదలైన రోజు నుంచే తలనొప్పి బిళ్ళలు పూర్తిగా బంద్. అసలైన నరకం ఈ రెండు వారాలే. ఒత్తిడి తగ్గుతున్నా నొప్పి రెట్టింపైంది, అయిదో రోజు చేతులు వణికాయి. డాక్టరుకి ఫోన్ చేస్తే "ఇది బిళ్ళలు మానిన నొప్పి, పదిహేను రోజులు ఓర్చుకోండి, చూపు తగ్గితే మాత్రం వెంటనే రండి" అన్నారు. సొరుగులో మిగిలిన స్ట్రిప్పులు అత్తయ్య తీసుకెళ్ళి తన పెట్టెలో పెట్టి తాళం వేశారు. పదమూడో రోజు ఉదయం లేచి, తల మీద చెయ్యి పెట్టుకోకుండా వంటింట్లోకి నడిచాను. టీ పొంగేదాకా నాకా సంగతి తెలియలేదు.

మందు ఒత్తిడిని ఆపి ఉంచుతుంది, జబ్బుని తగ్గించేది బరువు తగ్గడం. ముందు ఎనిమిది కేజీలు తగ్గమన్నారు. మా ఇంట్లో కష్టం అన్నంతో కాదు, ఉప్పుతో వచ్చింది. ఊరగాయ, ఎండు చేపలు, అప్పడాలు, వడియాలు లేకుండా భోజనం లేదు. ఒకే వంటలో నాకు ఉప్పు వేయకముందే తీసి పెట్టడం అత్తయ్య మొదలుపెట్టారు. రాత్రి అన్నం బదులు రాగి సంకటి పిడికెడు, కూర ఎక్కువ. ఉదయం అయిదున్నరకి స్టేషను రోడ్డు మీద నలభై నిమిషాల నడక.

ఆగస్టు 25న, చవితికి రెండు రోజుల ముందు, మళ్ళీ ఓసీటీ. కుడి కన్ను 148. ఫీల్డ్ టెస్టులో ముక్కు వైపు కింద చూపు లేక నల్లగా ఉన్న భాగం సగానికి తగ్గింది. బస్సు ఒకటే కనపడుతోంది. విజయనగరం సిరిమాను పండగకి జనంలో నిలబడి పైకి తలెత్తి చూశాను, కళ్ళకి చీకట్లు రాలేదు. నవంబరులో 118. ఫీల్డ్ టెస్టులో చిన్న మచ్చ మాత్రం మిగిలింది, అది ఇక పోదన్నారు. ఆరు నెలలు ముందు వెళ్ళి ఉంటే ఉండేది కాదేమో. ఆ మాట నేను అడిగాను, డాక్టరుగారు జవాబు చెప్పకుండా బొమ్మ మడిచి ఇచ్చారు.

ఖర్చు లెక్క రాసుకున్నాను. పేరు తెలియక తిరిగిన మూడేళ్ళకి 20,500. జులై 7 నుంచి 18 దాకా పన్నెండు రోజులకి, రైలు, తిండి, బస ఆరు వేలతో కలిపి 20,400. ఆస్పత్రిలో చేరినందుకూ సూదికీ ఏమీ తీసుకోలేదు. స్కూల్లో 19 రోజుల జీతం పోయింది.

ఇప్పుడు 2026 జనవరి. బరువు 71. డయామాక్స్ బిళ్ళలు రోజుకి ఆరు నుంచి నాలుగుకి దించారు, ఒక్కసారిగా ఆపితే ఒత్తిడి మళ్ళీ లేస్తుందట. నెలకి రెండు మూడు సార్లు తలనొప్పి వస్తుంది, అది వెలుతురు పడని పాత మైగ్రేనే, రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని చెప్పారు. చెవిలో చప్పుడు గానీ, వంగితే చీకటి గానీ మళ్ళీ వస్తే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా రమ్మన్నారు. చూపు వేగంగా తగ్గితే నీటిని పక్కకి మళ్ళించే ఆపరేషన్లున్నాయి, నాకు ఆ అవసరం రాలేదు. ఫిబ్రవరి 16 సోమవారం మళ్ళీ ఫీల్డ్ టెస్టు. చుక్కలు వేస్తారు కాబట్టి మా ఆయన కూడా సెలవు పెట్టారు, నల్లద్దాలు సంచిలో పెట్టేశాను, పలాస నుంచి వచ్చే ప్యాసింజర్‌కి వెళ్తాం.